ఇంటి ముందు క్రిస్మస్ దీపాలు – కరెంటుతో జాగ్రత్తలు

డిసెంబరు నెల వచ్చిందంటే మన ప్రాంతంలో సాయంకాలాల రూపమే మారిపోతుంది. నగరం నుండి రేపల్లె వెళ్ళే దారిలో గానీ, బాపట్ల వైపు గానీ, తెనాలి వైపు గానీ చీకటి పడ్డాక ప్రయాణం చేసి చూడండి. డాబాల మీద, రేకుల ఇళ్ళ మీద, పూరిళ్ళ ముందు పాతిన గడల మీద నక్షత్రాలు వెలుగుతూ కనిపిస్తాయి. మన పెద్దల రోజుల్లో వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల ఒక్క బల్బు పెట్టేవారు. ఆ ఒక్క బల్బు కూడా లేని ఇళ్ళు ఎన్నో ఉండేవి. ఇప్పుడు సీరియల్ సెట్లు చవక అయ్యాయి. ఒక్కొక్క ఇంటికి నాలుగైదు సెట్లు, గేటుకు ఒకటి, పిట్టగోడకు ఒకటి, జామచెట్టుకు ఒకటి చొప్పున కడుతున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. విద్యుత్తుతో వెలిగించిన మొదటి క్రిస్మస్ చెట్టు 1882లో న్యూయార్కు నగరంలో ఎడిసన్ కంపెనీకి చెందిన ఎడ్వర్డ్ జాన్సన్ ఇంట్లోది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 పెట్టారట. అదంతా ఇంటి లోపల, పొడి గదిలో జరిగిన పని. మనం చేసేది ఆరుబయట, మంచులో, ఇనుప గేట్ల మీద. తేడా అంతా అక్కడే ఉన్నది.

మన దేశంలో కరెంటు షాక్ వలన 2021 ఒక్క సంవత్సరంలోనే 12 వేల మందికి పైగా చనిపోయినట్లు జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఇందులో అలంకరణ పనుల్లో పోయినవారు ఎందరో విడిగా తెలియదు గానీ, సంతోషంగా చేసుకోవలసిన పనుల్లో ఇటువంటి దుర్ఘటనలు జరుగుతూనే ఉన్నాయి. 2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో విగ్రహావిష్కరణ కొరకు ఫ్లెక్సీ కడుతుండగా కరెంటు తీగలు తగిలి నలుగురు యువకులు చనిపోయారు. 2025 మార్చి 1న తమిళనాడులో కన్యాకుమారి జిల్లా ఇనయం పుత్తన్‌తురై అనే మత్స్యకారుల గ్రామంలో చర్చి పండుగ ఏర్పాట్లు చేస్తుండగా ఇనుప నిచ్చెన పై తీగలకు తగిలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వీరెవరూ కరెంటుతో చెలగాటం ఆడినవారు కారు. పండుగ పని చేస్తున్నవారు.

లోడు కాదు, లీకేజీ

పండుగ దీపాల గురించి మన ఎలక్ట్రీషియన్లు పూర్వం నుండి చెప్పే మాట ఒకటున్నది: "లోడు ఎక్కువ పెట్టకండి, వైర్లు కాలిపోతాయి" అని. 60 వాట్లు, 100 వాట్ల బల్బులు వరుసగా కట్టిన రోజుల్లో అది సరైన సలహా. మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోయగలిగినది దాదాపు 1,380 వాట్లు. వందవాట్ల బల్బులు 14 పెడితే అయిపోయినట్లే. కానీ నేటి ఎల్.ఇ.డి. సీరియల్ సెట్టు కొద్ది వాట్లే తింటుంది. పది సెట్లు పెట్టినా ఒక ఇస్త్రీపెట్టెలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కనుక ఈ రోజుల్లో ఫ్యూజు పోవడం లేదు, వైరు వేడెక్కడం లేదు. దాంతో అంతా క్షేమమే అని మనం ధైర్యంగా ఉంటున్నాము. అసలు ప్రమాదం వేరే దారిన వస్తున్నది.

ఆ దారి ఏమిటో తెలియాలంటే సీరియల్ సెట్టు లోపల ఏం జరుగుతుందో కొంచెం అర్థం చేసుకోవాలి. ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బుకు కావలసినది సుమారు 3 వోల్టులు. ఇంట్లో వచ్చేది 230. అందుకని అరవై డెబ్బై బల్బులను గొలుసులాగా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఆ 230 వోల్టులను అందరికీ పంచుతారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఒక్కో బల్బుకు మూడు వోల్టులే గదా, పట్టుకుంటే ఏమవుతుంది?" అంటారు.

మన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలనే తీసుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన నీరు దుగ్గిరాల లాకుల్లాంటి లాకులు ఒక్కొక్కటి దాటుకుంటూ, కొద్ది కొద్దిగా దిగుతూ మన వైపు వచ్చి చివరికి సముద్రం చేరుతుంది. ఒక్కొక్క లాకు దగ్గర దిగుడు కొద్దిపాటిదే. అంతమాత్రాన దుగ్గిరాల దగ్గర నీరు సముద్ర మట్టంలో ఉన్నదని ఎవరూ అనరు గదా! అక్కడి నుండి నేరుగా సముద్రంలోకి గొట్టం వేస్తే నీరు ఎంత జోరుగా దూకుతుందో ఊహించండి. సీరియల్ సెట్టులో మొదటి బల్బు కూడా అంతే. బల్బుకు, పక్క బల్బుకు మధ్య తేడా మూడు వోల్టులే. కానీ ఆ బల్బుకు, నేలకు మధ్య తేడా ఇంచుమించు మొత్తం 230. చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి దాని రాగి తీగను ముట్టుకున్న మనిషి, దుగ్గిరాల నుండి సముద్రానికి వేసిన గొట్టం లాంటివాడు.

ఇంకొక మాట. మధ్యలో ఏదో ఒక బల్బు ఊడిపోయిందనుకోండి. సెట్టు మొత్తం ఆరిపోతుంది. "ఆరిపోయింది, కరెంటు లేదు" అని మనం నిర్భయంగా చెయ్యి పెడతాము. నిజానికి ఆ సమయంలోనే ఎక్కువ ప్రమాదం. కాలువకు అడ్డంగా ఒకచోట తలుపు దించేస్తే నీళ్ళన్నీ ఆ తలుపు వెనుకే నిలబడతాయి. అలాగే తెగిన చోట ఒక కొసన మొత్తం వోల్టేజీ కాచుకొని ఉంటుంది. ఆరిపోయిన సెట్టును ప్లగ్‌లోనే ఉంచి, బల్బులు ఒక్కొక్కటి పీకి పెట్టి ఏది పోయిందో వెదకడం మన పిల్లలకు అలవాటైన పని. దీనిని మాన్పించండి. సెట్టుకు ఉండే చిన్న కంట్రోలు పెట్టె బటను నొక్కి ఆపినా చాలదు. మన టూ పిన్ ప్లగ్‌ను ఎటు తిప్పి అయినా పెట్టవచ్చు గనుక ఆ బటను ఆపేది ఫేజును కాక న్యూట్రల్‌ను కావచ్చు. దీపాలు ఆరిపోతాయి, తీగలో కరెంటు మాత్రం ఉంటుంది. ప్లగ్ పీకి చేతిలో పట్టుకున్న తరువాతే మిగతా పని.

మంచు, ఉప్పుగాలి, ఇనుము

మన డెల్టాలో డిసెంబరు రాత్రులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తెల్లవారుజామున కుప్పల మీద, గడ్డి మీద మంచు నీరు కారుతుంటుంది. నిజాంపట్నం, సూర్యలంక తీరం దూరమేమీ కాదు; గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. ఆ ఉప్పు తేమ బల్బుల అడుగున, అతుకుల మీద పొరలాగా పేరుకొని కరెంటుకు దారి ఇస్తుంది. పైగా ఈ నెలలో తుపానులు కూడా రావచ్చు. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వినబడితే నక్షత్రం, సీరియల్ సెట్లు అన్నీ దించి లోపల పెట్టాలి. ప్లగ్ పీకి ఊరుకుంటే చాలదు. గాలికి ఆ గడ విరిగి కరెంటు తీగల మీద పడవచ్చు.

మామూలు సీరియల్ సెట్టు ఇంటి లోపల వాడుకోవడానికి చేసినది. తొడుగు పల్చన, తీగ సన్నన. దానిని ఇనుప గ్రిల్లుకు, గేటుకు చుట్టి బిగిస్తే రెండు మూడు రోజులు గాలికి ఊగి ఆ అంచు దగ్గర తొడుగు తెగుతుంది. అప్పుడు గేటంతా కరెంటే. మేకు కొట్టి దానికి తగిలించడం, బైండింగు వైరుతో బిగించడం కూడా అంతే ప్రమాదం. అన్నిటికంటె ఘోరమైనది బట్టలు ఆరవేసే దండెం. ఇనుప తీగ దండెం పక్కనుండి లైటు వైరు లాగుతారు. ఆ రెండూ రాసుకుంటాయి. ఉదయాన్నే తడి బట్టలు తీసుకొని ఇంటి ఇల్లాలు వస్తుంది. పత్రికలలో ఇటువంటి వార్తలు పండుగ లేని రోజుల్లో కూడా చదువుతూనే ఉంటాము. ఒకరికి తగిలితే పట్టుకోబోయి రెండవవారు, వారిని పట్టుకోబోయి మూడవవారు పోయిన ఇళ్ళు కూడా ఉన్నాయి. కనుక ఈ నెల రోజులు ఇనుప దండెం తీసివేసి నైలాను తాడు కట్టుకోండి. నిజానికి ఎప్పటికీ నైలాను తాడే మంచిది.

రేకుల షెడ్డు మీద నుండి వైరు లాగేవారు కూడా గమనించాలి. రేకు అంచు కత్తిలాంటిది. రేకుకు కరెంటు వస్తే కింద స్తంభాలకు, తలుపు గొళ్ళేనికి కూడా వస్తుంది.

ఎంత కరెంటు మనిషిని చంపుతుంది?

శరీరం గుండా వెళ్ళే కరెంటును మిల్లీ ఆంపియర్లలో కొలుస్తారు. ఒక ఆంపియరులో వెయ్యో వంతు అన్నమాట. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చీమ కుట్టినట్లు జివ్వుమంటుంది. పది దాటేసరికి చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్న తీగను వదలాలన్నా వదలలేని స్థితి వస్తుంది. "కరెంటు పట్టేసుకుంది" అని మనం అనేది దీనినే. ముప్పై దాటితే ఊపిరి ఆడటం కష్టమై ప్రాణాపాయం మొదలవుతుంది. వంద దగ్గర గుండె లయ తప్పి, కొట్టుకోవడానికి బదులు ఊరికే వణుకుతుంది. రక్తం మెదడుకు అందదు. పడకగదిలో రాత్రంతా వెలిగే పాత "జీరో" బల్బు ఉన్నది చూశారా, అది లాగేదే సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. గుండెను ఆపడానికి అంతపాటి కరెంటు చాలును.

పొడి చర్మం కొంతవరకు కరెంటును అడ్డుకుంటుంది. తడిసిన చర్మం అడ్డుకోదు. తడి చేతులు, తడి కాళ్ళు ఉన్నప్పుడు శరీరపు నిరోధం వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. లెక్క మీరే చూసుకోండి.

ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫ్యూజు సంగతి. అది 5 లేక 6 ఆంపియర్లది. అంటే ఆరు వేల మిల్లీ ఆంపియర్లు దాటితే గాని అది కదలదు. ఎం.సి.బి. కూడా అంతే. అవి వైరును, ఇంటిని కాలిపోకుండా కాపాడటానికి పెట్టినవి. మనిషి ప్రాణం పోతున్నా వాటికి తెలియదు. మనిషిని కాపాడే పరికరం వేరే ఉన్నది. దాని పేరు ఆర్.సి.సి.బి. మన దుకాణాల్లో ఇప్పటికీ చాలామంది ఇ.ఎల్.సి.బి. అనే పాత పేరుతో పిలుస్తారు. ఫేజు తీగలో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్ తీగలో అంతా తిరిగి వస్తున్నదా లేదా అని ఇది ఎప్పుడూ సరిచూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, "ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతున్నది" అని గ్రహించి, సెకనులో చిన్న భాగంలో మెయిన్ తెంచివేస్తుంది. అడిగేటప్పుడు "30 మిల్లీ ఆంపియర్లది" అని గట్టిగా చెప్పి తీసుకోండి. 100, 300 రకాలు కూడా ఉంటాయి. అవి మనిషికి పనికిరావు. ఖరీదు మామూలు స్విచ్చుల కంటె ఎక్కువే అనిపిస్తుంది. ఒక్క సంవత్సరం లైట్లు తగ్గించుకొని అయినా దీనిని పెట్టించుకోమని మా సలహా. క్రిస్మస్ అయిపోయాక కూడా మోటారు దగ్గర, గ్రైండరు దగ్గర, ఫ్రిజ్ దగ్గర అది మీ ఇంటిల్లిపాదినీ కాపాడుతూనే ఉంటుంది.

దానికీ హద్దులు ఉన్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకొక చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది గుర్తించలేదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు చాలా ఇళ్ళలో అది పని చేయదు. ఎందుకంటే ఇన్వర్టరును దాని తరువాత కలుపుతారు. కాబట్టి బయట దీపాలను ఇన్వర్టరు లైనుకు కలపకుండా ఉంటే మంచిది. నెలకొకసారి దాని మీదున్న టెస్ట్ బటను నొక్కి చూడండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తింగు గుంట కూడా చూపించుకోవాలి. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొట్టం తీగ తుప్పు పట్టి తెగిపోయినా పదేళ్ళు ఎవరూ చూడని ఇళ్ళే ఎక్కువ.

ఎలా కట్టుకోవాలి

మాకు తెలిసినంతలో అన్నిటికంటె మేలైన మార్గం అడాప్టరుతో వచ్చే సెట్లు కొనడం. ఈ అడాప్టరు 230 వోల్టులను 12కో 24కో దించి బయటకు పంపుతుంది. అడాప్టరును ఇంటి లోపల సాకెట్టులో పెట్టి, చిన్న వోల్టేజీ ఉన్న తీగను మాత్రమే కిటికీ గుండా బయటకు లాగితే, ఆ తీగ తెగి పిల్లవాడి చేతికి తగిలినా ప్రాణాపాయం ఉండదు. సెల్‌ఫోను ఛార్జరుతో వెలిగేవి, ఎండకు ఛార్జి అయి రాత్రి వెలిగే సోలారు సెట్లు కూడా దొరుకుతున్నాయి. వెలుగు కొంచెం తక్కువ అని పిల్లలు గొణగవచ్చు. గొణగనివ్వండి. గేటుకు, తులవకు, పిల్లలకు అందేంత ఎత్తులో ఉండే ప్రతి చోటా ఇవే కట్టండి.

230 వోల్టుల సెట్టే ఉంటే దానిని మనిషి చేతికి అందని ఎత్తులో, ఇనుము తగలకుండా, నైలాను తాడు ఒకటి ముందుగా లాగి దానికి ప్లాస్టిక్ పట్టీలతో కట్టాలి. బరువు తాడు మోయాలి, వైరు మోయకూడదు. ఆరుబయట వాడేదైతే పెట్టె మీద ఐ.పి. 65 అని గాని, కనీసం ఐ.పి. 44 అని గాని ఉన్నదేమో చూడండి. నీరు, దుమ్ము ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు అది. తయారు చేసినవారి పేరు, బి.ఐ.ఎస్. గుర్తు ఏదీ లేని సెట్టు తూకానికి అమ్మినా కొనవద్దు.

ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పెట్టకండి. రాత్రి మంచు చాలు దానిని తడపడానికి. ఇటుక మీద పెట్టి పైన పాలిథిన్ సంచి కప్పడం మనవాళ్ళ ఉపాయం. కానీ సంచి లోపల ఆవిరి పట్టి మరింత తడుస్తుంది. బాక్సు ఇంటి లోపలే ఉంచి, అతుకు లేని ఒకే వైరును బయటకు తీసుకువెళ్ళడం ఒక్కటే సరైన పద్ధతి. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఆరుబయట వారం రోజులు కూడా నిలవదు. టేపు జిగురు మంచుకు ఊడిపోతుంది. ఇక ప్లగ్ లేకుండా వైరు కొసలు సాకెట్టు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించే అలవాటు గురించి ఏమని చెప్పాలి? పది, ఇరవై రూపాయల ప్లగ్ కొనడానికి బద్ధకించి ఇంటిల్లిపాదినీ అపాయంలో పెట్టడమే అది.

కాగితం నక్షత్రంలో పాత పద్ధతి బల్బు పెట్టకండి. అది వేడెక్కి కాగితాన్ని మాడ్చుతుంది. 5 వాట్ల ఎల్.ఇ.డి. చాలు. హోల్డరులోకి నీరు దిగకుండా మూతి కిందికి ఉండాలి. పూరిల్లు గలవారు చూరుకు లైట్లు కట్టనే కట్టవద్దు. ఇంటికి దూరంగా పాతిన గడకు బ్యాటరీ నక్షత్రం కట్టుకోండి. పడుకోబోయే ముందు అన్నీ ఆపివేసి ప్లగ్‌లు పీకండి. అర్ధరాత్రి దాటాక వీధిలో చూసేవారూ ఉండరు.

గడలు, పై తీగలు, క్యారల్స్

ప్రతి సంఘంలో యౌవనస్థులకు ఒక పట్టుదల ఉంటుంది: పక్క సంఘం నక్షత్రం కంటె మన నక్షత్రం ఎత్తుగా ఉండాలని. ఈ పోటీలోనే ఇనుప గొట్టాలు అతికించి ముప్పై, నలభై అడుగుల గడలు లేపుతారు. లేపేటప్పుడు అది ఒక పక్కకు ఒరుగుతుంది. పక్కనే 11 వేల వోల్టుల లైను ఉంటే తగలనక్కర కూడా లేదు, బాగా దగ్గరకు పోయినా కరెంటు దూకుతుంది. పైన చెప్పిన రెండు దుర్ఘటనలూ ఇటువంటివే. సులభమైన కొలత ఒకటి చెబుతాము. గడ ఎటు పడినా దాని కొస తీగల దాకా చేరనంత దూరంలో పాతాలి. అంటే గడ పొడవు ముప్పై అడుగులైతే తీగలకు ముప్పై అడుగుల కంటె బాగా ఎక్కువ దూరంలో గుంట తవ్వాలి. అంత స్థలం లేకపోతే గడ పొడవు తగ్గించాలి. వెదురు గదా అని ధీమా వద్దు. పచ్చి వెదురు, మంచుకు తడిసిన వెదురు కరెంటును బాగానే తీసుకువస్తాయి. అల్యూమినియం నిచ్చెన విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

స్తంభం మీద తీగకు కొక్కెం తగిలించి చర్చి ముందు లైట్లు వెలిగించడం ఎక్కడైనా ఉంటే మానుకోవాలి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం అది దొంగతనం. మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. చట్టం సంగతి అటుంచినా, కొక్కెం వేసేవాడికి ఫ్యూజు రక్షణ కూడా ఉండదు. కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

క్యారల్స్‌కు వెళ్ళే బృందాలు ట్రాలీ మీద జనరేటరు, మైకు, ట్యూబులైట్లు పెట్టుకొని వెళ్తుంటారు. ట్రాలీ ఇనుప చట్రానికి వైర్లు కట్టి దాని మీద పిల్లలను కూర్చోబెట్టడం భయంకరమైన పని. 12 వోల్టుల బ్యాటరీతో ఎల్.ఇ.డి. లైట్లు వెలిగించుకుంటే జనరేటరు అవసరమే లేదు. ఇంట్లో గాని, చర్చిలో గాని జనరేటరు వాడితే ఛేంజోవరు స్విచ్ తప్పనిసరి. అది లేకుండా సాకెట్టులోకే జనరేటరు కలిపితే కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరుకు పోయి, లైను బాగుచేస్తున్న లైన్‌మన్‌కు తగులుతుంది. జనరేటరును మూసిన వరండాలో నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

ఎవరికైనా షాక్ తగిలితే

మొట్టమొదట చేయవలసినది వారిని ముట్టుకోకుండా ఉండటం. కన్నతల్లికి ఇది చెప్పడం సులువు కాదు, అయినా చెప్పక తప్పదు. మెయిన్ ఆపండి. మెయిన్ ఎక్కడ ఉన్నదో ఇంట్లో పదేళ్ళు దాటిన ప్రతివారికి ఈ వారమే చూపించి పెట్టండి. ఆపడానికి వీలు లేకపోతే పొడి పలక మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి, పొడి కర్రతో వైరును గాని మనిషిని గాని విడదీయండి. ఈ ఉపాయం ఇంటి కరెంటుకు మాత్రమే. పై లైను తగిలిన చోటికి కర్రతో కూడా పోరాదు; దూరంగా నిలబడి 1912కు గాని, సబ్‌స్టేషనుకు గాని ఫోను చేసి లైను ఆపించాలి.

మనిషి విడిపోయాక పలకరించండి. ఉలుకు పలుకు లేక, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, రొమ్ము మధ్య ఎముక మీద అరచేతి మడమ పెట్టి, రెండవ చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతుకు నొక్కి వదలండి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. అంటే సెకనుకు రెండుసార్ల చొప్పున. చెయ్యి నొప్పి పుడితే మనిషి మారండి గాని, అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. షాక్ తగిలి పడిపోయినవారిలో చాలామంది వయసులో ఉన్నవారు, మంచి గుండె గలవారు. నీలంగా చల్లబడినట్లు కనిపించినా ఈ పని వలన బ్రతికే అవకాశం ఉన్నది. "అయిపోయింది" అని తేల్చవలసినది మీరు కాదు, డాక్టరు.

కొన్ని చోట్ల షాక్ తగిలినవారిని ఇసుకలో, మట్టిలో పూడ్చిపెడితే కరెంటు "దిగిపోతుంది" అని నమ్ముతారు. ఒంట్లో నిలవ ఉండే కరెంటు అంటూ ఏదీ లేదు. పూడ్చడానికి పోయిన ఆ పది నిమిషాలే ఆ మనిషి ప్రాణం. నోట్లో నీళ్ళు పోయడం కూడా వద్దు. స్పృహ లేనివారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డాబా మీద నుండి, నిచ్చెన మీద నుండి షాక్ కొట్టి పడినవారి మెడ, వెన్ను కదపకుండా ఉంచాలి.

లేచి కూర్చుని "నాకేమీ కాలేదు" అన్నవారి సంగతి ఏమిటి? స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీ నొప్పి ఉన్నా, ఎక్కడైనా కాలినా, పై లైను తగిలినా తప్పక ఆసుపత్రికి రావాలి. ఇ.సి.జి. తీసి చూస్తారు. కరెంటు కాలినది పైకి పప్పుగింజంత మచ్చగా కనబడి, లోపల కండరం చాలా మేర చచ్చిపోయి ఉండవచ్చు. మూత్రం టీ డికాషను రంగులో వస్తే ఆలస్యం చేయవద్దు. చెడిన కండరాల పదార్థం మూత్రపిండాలను దెబ్బ తీస్తున్నదని దానికి గుర్తు. గర్భిణీ స్త్రీకి చిన్న షాక్ తగిలినా బిడ్డ గుండె చప్పుడు పరీక్ష చేయించుకోవాలి. పాకే వయసు పిల్లలు వైరు నోట్లో పెట్టుకొని పెదవి మూల కాలితే, వారం రెండు వారాల తరువాత పొక్కు ఊడి ఉన్నట్టుండి రక్తం ధారగా కారవచ్చు. అప్పుడు పెదవిని రెండు వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకొని పరుగున తీసుకురండి. కాలిన చోట సిరా, పేస్టు, పసుపు రాయవద్దు. కరెంటు నుండి పూర్తిగా విడిపోయాక చిన్న కాలుడైతే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, శుభ్రమైన పొడి గుడ్డ కప్పి తీసుకువస్తే చాలు.

జనవరిలో

కొత్త సంవత్సరం ఆరాధన అయిపోయాక దీపాలు దించే పనిని ఎవరూ పట్టించుకోరు. సంక్రాంతి వెళ్ళినా, కొన్నిచోట్ల వేసవి వచ్చినా అవి గోడ మీదే వేళ్ళాడుతూ ఉంటాయి. ఎండకు తొడుగు పెళుసెక్కి, పగిలి, మరుసటి డిసెంబరుకు అదే సెట్టు ప్రాణాంతకమవుతుంది. జనవరి మొదటి వారంలోనే దించి, పొడి గుడ్డతో తుడిచి, అట్టముక్కకు వదులుగా చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. ధాన్యం ఇంటికి చేరే రోజులు గనుక ఎలుకలు ఎక్కువ. అటక మీద ఊరికే పడవేస్తే వైరు కొరికేస్తాయి. వచ్చే ఏడాది తీసినప్పుడు పగటి వెలుతురులో, ప్లగ్ పెట్టకముందే, మొదటి నుండి చివరి దాకా వేళ్ళతో తడిమి చూడండి. ఒక్కచోట రాగి కనిపించినా, కొరికిన గుర్తు ఉన్నా టేపు వేయకుండా పారవేయండి. పారవేసే ముందు ప్లగ్‌ను కత్తిరించి వేరు చేయడం మరువవద్దు. లేకపోతే వీధిలో పిల్లలు దానిని ఏరుకొని ఇంటికి తీసుకుపోయి మళ్ళీ సాకెట్టులో పెడతారు.